67 మస్టాంగ్‌లోకి 347 వస్తోంది, పాత వెనక యాక్సిల్ తట్టుకుంటుందా?

కూపే_67

నా దగ్గర 1967 మస్టాంగ్ కూపే ఉంది. వీఐఎన్‌లో (బండి గుర్తింపు నంబరులో) సీ కోడ్, అంటే రెండు బ్యారెళ్ల కార్బ్యురేటర్ ఉన్న 289 ఘనపు అంగుళాల ఇంజన్, దానికి సీ-4 ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఆరేళ్లుగా నడుపుకుంటూ, ఒక్కొక్కటీ బాగుచేసుకుంటూ వస్తున్నాను. ఈ చలికాలం ఇంజన్ దించేశాను. దాని బదులు 302 బ్లాకు మీద, పిస్టన్ కదిలే దూరం పెంచి కట్టిన 347 స్ట్రోకర్ ఇంజన్ వస్తోంది. అల్యూమినియం హెడ్స్, హైడ్రాలిక్ రోలర్ క్యామ్. 400 హార్స్‌పవర్‌కి కాస్త అటూ ఇటూగా ఉంటుందని, టార్క్ కూడా 400 పౌండ్-అడుగుల దగ్గర ఉంటుందని ఇంజన్ కడుతున్నాయన చెప్పారు. ఆటోమేటిక్ తీసేసి ట్రెమెక్ టీకేఎక్స్ ఐదు గేర్ల మాన్యువల్ పెడుతున్నాను, మొదటి గేర్ 2.87, ఐదోది 0.68.

ముందు భాగం గురించి అన్నీ తేలిపోయాయి, వెనక్కి వచ్చేసరికి ఆగిపోయాను. ఎవరిని అడిగినా ఒక్కో మాట. ఒకరు నైన్ ఇంచ్ (ఫోర్డ్ వాళ్ల తొమ్మిది అంగుళాల వెనక యాక్సిల్) లేకుండా ఆ ఇంజన్ స్టార్ట్ కూడా చేయొద్దంటారు, ఇంకొకరు ఉన్నదే చాలు డబ్బు తగలేయకు అంటారు, మూడో ఆయన పాత ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కింద ఉన్న యాక్సిల్ పీకి తెచ్చి పెట్టుకో అంటారు. కారు ఎక్కువగా శని ఆదివారాలు రోడ్డు మీదే తిరుగుతుంది, ఏడాదికి నాలుగైదు సార్లు డ్రాగ్ స్ట్రిప్‌కి తీసుకెళ్లాలని ఉంది. వెనకాల కమాను పట్టీలు ఫ్యాక్టరీవే, బ్రేకులు డ్రమ్ములే. మొదటి రోజే హైవే మీద వెనక చక్రం పట్టేస్తుందేమో అని నిజంగా టెన్షన్‌గా ఉంది, పక్క సీట్లో మా అబ్బాయి కూర్చుంటాడు. చేసినవాళ్లు చెప్పండి.

పాత_ఇనుము

తమ్ముడూ, ముందు కారు కిందకి దూరి అక్కడున్నది ఏమిటో ఖాయం చేసుకో. 67లో రెండు బ్యారెళ్ల 289కి ఫోర్డ్ వేసింది 8 అంగుళాల యాక్సిల్, ఆరు సిలిండర్ల కార్లకి ఇంకా చిన్నది, 7.25 అంగుళాలది. నైన్ ఇంచ్ పడింది హైపో 289కి (ఎక్కువ పవర్ ఉన్న రకం), 390 ఇంజన్‌కి. కానీ యాభై ఏళ్లు దాటిన బండి, మధ్యలో ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏం మార్చారో చెప్పలేం.

గుర్తుపట్టడం తేలికే. 8 అంగుళాలదానికీ నైన్ ఇంచ్‌కీ డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే మధ్య గేర్ల భాగం) ముందు వైపు నుంచే ఊడొస్తుంది, వెనకాల విప్పే మూత ఉండదు, అందుకే చూడగానే రెండూ ఒకేలా కనిపిస్తాయి. చుట్టూ ఉన్న నట్లలో అట్టడుగున ఉన్న రెండింటికి సాకెట్ పెట్టి చూడు. సాకెట్ తిన్నగా కూర్చుంటే 8 అంగుళాలది. కేసింగ్ అడ్డు తగిలి సాకెట్ ఎక్కక, రింగ్ స్పానర్‌తోనే విప్పాల్సి వస్తే నైన్ ఇంచ్. ఒక నట్టు కింద చిన్న రేకు బిళ్ల కూడా ఉండాలి, ఇన్నేళ్లలో ఎవరూ పారేయకపోతే. దాని మీద రేషియో అంకెలు (చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో) ఉంటాయి, అంకెల మధ్యలో ఎల్ అక్షరం ఉంటే లిమిటెడ్ స్లిప్, అంటే ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించేది, లేకపోతే మామూలు ఓపెన్.

ఇక నా అనుభవం. నాది 66 ఫాస్ట్‌బ్యాక్. గట్టి 302 కట్టి, నాలుగు గేర్ల టాప్‌లోడర్ పెట్టి, వెనక 8 అంగుళాలది అలాగే ఉంచేశాను. రోడ్డు మీద రెండేళ్లు ఏమీ కాలేదు. నాకూ నీలాగే అందరూ చెరో మాట చెప్పారు, రెండేళ్లు ఏం కాలేదు కాబట్టి చాలనుకున్నవాళ్ల మాటే నిజమని నమ్మాను. మూడో ఏడు మెత్తటి డ్రాగ్ రేడియల్ టైర్లు కొని స్ట్రిప్‌కి వెళ్లాను. మొదటి మూడు పరుగులూ బ్రహ్మాండంగా ఉన్నాయి. నాలుగోసారి 4,500 దగ్గర క్లచ్ వదిలేసరికి వెనక భాగం దడదడమని ఎగిరింది, ఆ వెంటనే ఇనప డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు, బండి అక్కడే ఆగిపోయింది. ఇంటికి తెచ్చి విప్పితే గేర్ ఆయిల్ వెండి రంగు వేసినట్టు మెరుస్తోంది, క్రౌన్ వీల్‌కి (డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్ల చక్రానికి) పక్కపక్కనే మూడు పళ్లు లేవు. కుడివైపు యాక్సిల్ షాఫ్ట్ బయటికి లాగితే చివర స్ప్లైన్లు (గేరులో ఇమిడే పొడుగు గాళ్లు) తిన్నగా లేవు, జడ అల్లినట్టు మెలికపడి ఉన్నాయి. ఆ షాఫ్ట్‌ని ఇప్పటికీ గ్యారేజీ గోడకి తగిలించి ఉంచాను. అది విరగలేదు, విరగడానికి దగ్గర్లో ఉంది, అంతే. ఇంకో పరుగు వేసి ఉంటే ఏమయ్యేదో.

కాబట్టి స్ట్రిప్ మాట ఎత్తావు కనుక నా మాట నైన్ ఇంచ్, 31 స్ప్లైన్ల షాఫ్టులతో. పాతది దొరికితే 28 స్ప్లైన్లా 31 స్ప్లైన్లా లెక్కపెట్టుకుని మరీ కొను.

టార్క్_లెక్కలు

పాత_ఇనుము గారు చెప్పింది పక్కాగా జరిగేదే, కానీ ఆయన కథలోనే అసలు విషయం ఉంది, అది చాలామంది దాటేస్తారు. రెండేళ్లు ఏమీ కాలేదు, టైర్లు మార్చగానే నాలుగో పరుగులో పోయింది. ఇంజన్ అదే, యాక్సిల్ అదే. మారింది టైరు ఒక్కటే.

యాక్సిల్‌ని విరిచేది హార్స్‌పవర్ కాదు, యాక్సిల్ దాకా చేరే టార్క్, అది కూడా టైరు జారకుండా పట్టుకున్నంత వరకే. కూపే_67 గారి అంకెలే తీసుకుందాం. ఫ్యాక్టరీ 289 టార్క్ 282 పౌండ్-అడుగులు, సీ-4 మొదటి గేర్ 2.46, రేషియో 3.00 అనుకుంటే, మూడూ గుణిస్తే యాక్సిల్ దగ్గర 2,080 చిల్లర. ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఉండే టార్క్ కన్వర్టర్ పెంచేది పక్కన పెట్టాను. కొత్త సెటప్‌లో రేషియో 3.50 పెడతారనుకుంటే 400 ఇంటూ 2.87 ఇంటూ 3.50, అంటే 4,018. దాదాపు రెట్టింపు. ఇది చూసి భయపడటం సహజం.

ఇప్పుడు టైరు వైపు నుంచి చూడండి. మనిషితో కలిపి బండి 3,100 పౌండ్లు అనుకుందాం, నిలబడి ఉన్నప్పుడు వెనక చక్రాల మీద 1,400 దాకా ఉంటుంది. బండి ఎగబడినప్పుడు ముందు బరువు కొంత వెనక్కి వస్తుంది. 108 అంగుళాల వీల్‌బేస్, బరువు కేంద్రం నేల నుంచి 20 అంగుళాల ఎత్తు అనుకుని, మామూలు రోడ్డు టైరుకి పట్టు 0.9 వేసుకుంటే, టైరు నేలని నెట్టగలిగేది 1,500 పౌండ్లు. 26 అంగుళాల టైరుకి అది యాక్సిల్ దగ్గర 1,650 పౌండ్-అడుగుల చుట్టుపక్కల. అంతకు మించి ఇంజన్ ఎంత ఇచ్చినా టైరు గిర్రున తిరిగి పొగ వస్తుందే తప్ప, ఆ బలం పళ్ల మీద పడదు. అంటే మీ పాత 289కే ఆ హద్దు దాటే సత్తా ఉంది. అదే డ్రాగ్ రేడియల్ వేసి పట్టు 1.5 అనుకోండి, బరువు ఇంకా వెనక్కి వాలుతుంది, లెక్క 3,150 దాటుతుంది. ఇంజన్ మార్చకుండా టైరు మారిస్తేనే యాక్సిల్ మీద పడే భారం రెట్టింపు దగ్గరికి పోయింది. ఇవన్నీ నా అంచనా అంకెలే, మీ బండి తూచి వేసుకుంటే కొంచెం మారతాయి, కానీ నిష్పత్తి మాత్రం ఇలాగే ఉంటుంది.

దీనికి క్లచ్ ఒకటి తోడు. ఆటోమేటిక్‌లో కన్వర్టర్ మెత్తగా ఎక్కిస్తుంది. మాన్యువల్‌లో 4,500 మీద తిరుగుతున్న ఫ్లైవీల్‌ని ఒక్కసారిగా కలిపితే సుత్తితో కొట్టినట్టు దెబ్బ పడుతుంది, ఆ దెబ్బ పై లెక్కలో లేదు. కమాను పట్టీలు మెలితిరిగి యాక్సిల్ ఎగిరెగిరి పడితే, చక్రం గాల్లో తిరిగి నేలకి తగిలిన ప్రతిసారీ మళ్లీ అదే దెబ్బ. ఆయనకి పళ్లు పోయింది ఆ దడదడలోనే అని నా నమ్మకం.

కాబట్టి అడగాల్సింది 400 హార్స్‌పవర్‌కి ఏ యాక్సిల్ అని కాదు. ఏ టైరు వేస్తారు, క్లచ్ ఎలా వదులుతారు అన్నది చెప్పండి. రోడ్డు టైర్లతోనే, క్లచ్ మెల్లగా వదిలే అలవాటుతో ఉంటే, మంచి స్థితిలో ఉన్న 8 అంగుళాలది కొత్త షాఫ్టులు, మంచి డిఫరెన్షియల్ వేసుకుంటే చాలాకాలం బతుకుతుంది. 8 అంగుళాలదాంట్లో కూడా పినియన్ (క్రౌన్ వీల్‌ని తిప్పే చిన్న గేర్) రెండో కొసకి నైన్ ఇంచ్‌లో లాగే చిన్న బేరింగ్ ఆసరా ఉంటుంది, జనం అనుకునేంత బలహీనం కాదు. డ్రాగ్ రేడియల్ వేస్తానంటే మాత్రం దాన్ని నమ్మొద్దు.

బిగ్_బ్లాక్_70

నాది ఫోర్డ్ కాదు, 70 షెవెల్, కింద 12 బోల్టుల యాక్సిల్. అందుకే నైన్ ఇంచ్ ఒక్కటే దేవుడు అనే మాట ఒప్పుకోను. దాంట్లో పినియన్ క్రౌన్ వీల్ మధ్యగీత కంటే బాగా కిందకి దిగి ఉంటుంది, పళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కువ రాసుకుంటాయి, బలం దానివల్లే, వేడి, కొంచెం పవర్ నష్టం కూడా దానివల్లే. కానీ మస్టాంగ్‌లో తిన్నగా కూర్చునేది, ఏ భాగం కావాలన్నా దొరికేది అదే కాబట్టి మీకు వేరే దారి వెతకమని చెప్పను. క్రైస్లర్ కార్లలో వచ్చిన డానా 60 యాక్సిల్ గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు, 9.75 అంగుళాల క్రౌన్ వీల్, 35 స్ప్లైన్లు, మీ కారుకి అది అనవసరమైన బరువు.

ఒక్క విషయం. మా 12 బోల్టులదాంట్లో, ఎక్స్‌ప్లోరర్ కింద ఉండే ఫోర్డ్ 8.8 అంగుళాలదాంట్లో యాక్సిల్ షాఫ్ట్‌ని పట్టుకునేది లోపల ఉన్న చిన్న సీ-క్లిప్. షాఫ్ట్ విరిగితే చక్రంతో సహా బయటికి వచ్చేస్తుంది. మీ 8 అంగుళాలదాంట్లో, నైన్ ఇంచ్‌లో బయటి కొసన బేరింగ్‌ని ప్లేటు పెట్టి నాలుగు బోల్టులతో బిగిస్తారు, లోపల విరిగినా చక్రం బండికే ఉంటుంది. పక్కన పిల్లాడు కూర్చుంటాడన్నారు కాబట్టి చెబుతున్నా. పావు మైలు 10.99 సెకన్లు, అంతకంటే తక్కువలో పరిగెత్తే కార్లకి సీ-క్లిప్ తీసేయమని ఎన్‌హెచ్ఆర్ఏ (అమెరికా డ్రాగ్ రేసుల సంఘం) రూలే ఉంది.

ఎక్స్‌ప్లోరర్_కింద_నుంచి

8.8 పెట్టినవాణ్ని నేనే, 65 కూపేలో. మంచీ చెడూ రెండూ చెబుతాను.

1995 నుంచి 2001 దాకా వచ్చిన ఎక్స్‌ప్లోరర్ల కింద ఉండే 8.8కి డిస్క్ బ్రేకులు ఉంటాయి, 31 స్ప్లైన్ల షాఫ్టులు ఉంటాయి, వీల్ బోల్టులు మన వీ8 మస్టాంగ్‌లో లాగే 4.5 అంగుళాల వలయం మీద ఐదు. పాత కార్ల యార్డులో దొరుకుతుంది. ఇంత బలం, ఇంత చవకగా ఇంకెక్కడా రాదు, అందుకే అందరూ దాని వెంట పడతారు.

కానీ దాని పినియన్ మధ్యలో ఉండదు, పక్కకి జరిగి ఉంటుంది, ఒక గొట్టం పొడుగు, ఒకటి పొట్టి. పొడుగు వైపు గొట్టాన్ని మూడు అంగుళాలకి కొంచెం తక్కువగా కోసి, మళ్లీ అతికి, రెండు వైపులా పొట్టి షాఫ్టే వేస్తారు. అప్పుడు పినియన్ మధ్యకి వస్తుంది, వెడల్పు 65, 66 కార్లకి సరిగ్గా సరిపోతుంది. మీ 67కి ఫ్యాక్టరీ వెడల్పు ఫ్లాంజ్ (చక్రం బిగించే ముఖం) నుంచి ఫ్లాంజ్‌కి 59.25 అంగుళాలు. నాకు కావాల్సింది 57.25. కోయకుండా వదిలేసినా మీకు వెడల్పు దగ్గరగానే వస్తుంది, కానీ పినియన్ పక్కకే ఉండిపోతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఏటవాలుగా నడుస్తుంది. కొంతమంది అలాగే నడుపుతున్నారు, నా మనసు ఒప్పుకోలేదు.

అసలు కష్టం వెల్డింగ్‌లో. గొట్టాలు మధ్య కేసింగ్‌లోకి దిగి కొన్ని చుక్కల వెల్డింగ్‌తో ఆగి ఉంటాయి, గట్టి బలం పడితే కేసింగ్‌లో గొట్టం తిరిగిపోతుంది, అందుకని చుట్టూ వెల్డ్ చేయాలి. కేసింగ్ పోత ఇనుము, ముందు వేడిచేసి, వెల్డ్ చేశాక మెల్లగా చల్లారనివ్వాలి. ఆ వేడికి గొట్టం వంగుతుంది. నేను మొదటిసారి ఇంట్లోనే చేశాను, కంటికి తిన్నగానే ఉంది. పదిహేను వందల మైళ్లకే ఒక పక్క బేరింగ్ మోగడం మొదలైంది. మెషిన్ షాపులో అలైన్‌మెంట్ బార్ దూర్చి చూస్తే ఒక కొస వంగి ఉంది. వాళ్లు సరిచేసిన తరవాత నాలుగేళ్లుగా ఏ చప్పుడూ లేదు. యాక్సిల్ మీద కమాను పట్టీలు కూర్చునే పాత సీట్లు కోసి కొత్తవి వెల్డ్ చేయడం, షాక్ బిగింపులు, హ్యాండ్ బ్రేక్ కేబుల్ కుదర్చడం ఇవన్నీ వేరే. వెల్డింగ్ బాగా వచ్చినవాళ్లు, దగ్గర్లో మంచి మెషిన్ షాపు ఉన్నవాళ్లు అయితేనే దిగండి.

కూపే_67

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి కారు స్టాండ్ల మీదకి ఎత్తి కిందకి దూరాను. అడుగు నట్లకి సాకెట్ తిన్నగా కూర్చుంది, కాబట్టి 8 అంగుళాలదే. బిళ్ల కూడా ఉంది, గ్రీజు, మట్టి గట్టిపడి ముందు కనిపించలేదు, వైరు బ్రష్‌తో రుద్దితే 3 00 అని వచ్చింది, మధ్యలో ఎల్ లేదు. ఒక చక్రం తిప్పితే రెండోది వెనక్కి తిరుగుతోంది, ఓపెనే. పినియన్ సీలు దగ్గర తడిగా ఉంది. చక్రం ఆపి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని చేత్తో అటూ ఇటూ ఆడిస్తే నేను అనుకున్నదానికంటే ఎక్కువే ఆడుతోంది.

టైరు లెక్క చదివాక చాలా తేలికపడ్డాను, ఎందుకంటే ఇప్పటిదాకా ఎవరూ నన్ను టైరు గురించి అడగలేదు. రోడ్డుకి 235/60 15 వేస్తాను, స్ట్రిప్‌కి వెళ్లేటప్పుడు డ్రాగ్ రేడియల్స్ వేరే జత చక్రాల మీద ఉంటాయి. క్లచ్ మెల్లగా వదులుతానని మాటివ్వలేను, స్ట్రిప్‌కి వెళ్లేదే అందుకు. కాబట్టి నైన్ ఇంచ్ వైపే మొగ్గుతున్నాను. మిగిలినవి రెండే సందేహాలు. పాత నైన్ ఇంచ్ యార్డు నుంచి తెచ్చుకోవాలా, కొత్తది కొనాలా? గేర్ సెటప్ ఇంట్లో చేసుకోగలనా?

షిమ్_డబ్బా

రెండో ప్రశ్నకి నేను చెబుతాను, ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని.

మొదటిదానికి చిన్న జవాబు. నైన్ ఇంచ్ 1957 నుంచి 1986 దాకా వచ్చింది, కార్ల కిందా, ట్రక్కుల కిందా, దాంతో ఒక్కో హౌసింగ్ (షాఫ్టులు, గేర్లు ఇమిడే బయటి డొల్ల) ఒక్కో వెడల్పు. యార్డులో తేలిగ్గా దొరికేవి ట్రక్కులవి, అవి మస్టాంగ్‌కి బాగా వెడల్పు, కోసి అతకాలి, ఇందాక ఆయన చెప్పిన వంకర గొడవంతా మళ్లీ వస్తుంది. కొసన బేరింగ్‌లు కూడా చిన్నవి, పెద్దవి అని రకాలు, దాన్ని బట్టి బ్రేక్ ప్లేటు బోల్టుల దూరం మారుతుంది, మీ డ్రమ్ములు పట్టకపోవచ్చు. అసలు 67 మస్టాంగ్‌ది దొరికితే ఆ ధర వినే ఓపిక ఉండాలి. మీ వెడల్పుకి, పట్టీ సీట్లు వెల్డ్ చేసి వచ్చే కొత్త హౌసింగ్ తెప్పించుకోండి. షాఫ్టులు, డిఫరెన్షియల్, బ్రేకులు అన్నీ కలిపితే మూడు వేల డాలర్లు సులువుగా దాటుతుంది, కానీ అది కోతలూ అతుకులూ లేని మూడు వేలు.

ఇప్పుడు సెటప్. నైన్ ఇంచ్‌లో గొప్ప సౌకర్యం ఏమిటంటే డిఫరెన్షియల్ మొత్తం బల్ల మీద పెట్టుకుని పనిచేయొచ్చు, కారు కింద వెల్లకిలా పడుకోనక్కర్లేదు. పినియన్ లోతు సరిచేసే షిమ్ (పలచటి రేకు బిళ్ల) పినియన్ సపోర్టుకీ కేసింగ్‌కీ మధ్య బయటే ఉంటుంది, బేరింగ్ ప్రెస్సులో పీకాల్సిన పని లేదు. షిమ్ పలచన చేస్తే పినియన్ క్రౌన్ వీల్ దగ్గరికి జరుగుతుంది, మందం చేస్తే దూరం పోతుంది. రెండు పక్కల మరలు తిప్పి బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఉండే సందు) పెట్టుకోవచ్చు, డయల్ గేజీతో చూస్తే మామూలుగా 0.008 నుంచి 0.012 అంగుళాల మధ్య ఉండాలి, అదీ క్రౌన్ వీల్ చుట్టూ నాలుగైదు చోట్ల చూడాలి, ఒక్కచోట చూసి ఊరుకోకూడదు.

తరవాత ప్యాటర్న్, అంటే పళ్లు ఒకదానికొకటి ఎక్కడ తగులుతున్నాయో చూడటం. పళ్లకి పసుపు పేస్టు పలచగా రాసి, క్రౌన్ వీల్‌ని చెక్కముక్కతో కొంచెం బిగపట్టి, పినియన్ యోక్‌ని స్పానర్‌తో తిప్పాలి. పేస్టు తుడుచుకుపోయిన చోట పంటి మీద గుడ్డులాంటి మచ్చ పడుతుంది. ఆ మచ్చ పంటి ఎత్తులో మధ్యన ఉండాలి. పంటి మొదట్లోకి దిగిపోతే పినియన్ మరీ దగ్గరికి వచ్చినట్టు, అంచు మీదకి ఎక్కితే దూరంగా ఉన్నట్టు. ఒక్కోసారి రెండు షిమ్‌లతో తేలిపోతుంది, ఒక్కోసారి ఏడెనిమిది సార్లు విప్పి బిగించాల్సి వస్తుంది, ఆ ఓపిక ఉన్నవాళ్లే చేయాలి. చేయి తిరగక ముందు నా సొంత కారు డిఫరెన్షియల్‌ని ఒక షాపులో ఇచ్చాను, రెండు రోజుల్లో ఇచ్చేశారు. 55 మైళ్ల దగ్గర కాలు తీసిన ప్రతిసారీ సైరన్ మోగినట్టు సన్నని ఊళ. విప్పి పేస్టు రాస్తే మచ్చ పూర్తిగా అంచు మీద ఉంది. ఒక్కసారి కూడా ప్యాటర్న్ చూడకుండా బిగించేశారన్నమాట. అప్పటికే పళ్లు ఆ పక్కకే అరిగిపోయాయి, కొత్త సెట్టు కొనాల్సి వచ్చింది. ఎవరికిచ్చినా పేస్టు రాసిన పళ్ల ఫొటో అడిగి తీసుకోండి. పని తెలిసినవాళ్లు సంతోషంగా పంపిస్తారు.

రేషియో 3.50 మంచి ఎంపిక. మీ 26 అంగుళాల టైరుకి 65 మైళ్ల దగ్గర, ఐదో గేర్ 0.68తో ఇంజన్ 2,000 ఆర్‌పీఎం మీద తిరుగుతుంది, ఇంతకుముందు సీ-4 టాప్ గేర్‌లో 3.00తో 2,500 దాటి తిరిగేది. 4.11 పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. అంకె పెరిగేకొద్దీ పినియన్ పళ్లు తగ్గి పినియనే సన్నబడుతుంది, 3.50కి పది పళ్లు, 4.11కి తొమ్మిది.

డిఫరెన్షియల్‌కి నా ఓటు ట్రూట్రాక్ అనే లిమిటెడ్ స్లిప్‌కి. లోపల క్లచ్ ప్లేట్లు లేవు, గేర్లే పట్టుకుంటాయి, అరిగేది తక్కువ, రోడ్డు మీద మెత్తగా ఉంటుంది, ఫ్రిక్షన్ మాడిఫయర్ పోయక్కర్లేదు. కొత్త గేర్లతో మొదటిసారి పదిహేను ఇరవై మైళ్లు మెల్లగా నడిపి, ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి. మొదటి 500 మైళ్లు స్ట్రిప్ మాట మరిచిపోండి, ఆ తరవాత ఆయిల్ మార్చండి.

టార్క్_లెక్కలు

ఇంకో మాట, నైన్ ఇంచ్ పెట్టినంత మాత్రాన ఆ ఎగిరెగిరి పడటం ఆగదు. యాక్సిల్ విరగకపోతే దెబ్బ వెళ్లి యూ-జాయింట్ మీదో గేర్‌బాక్స్ మీదో పడుతుంది. కమాను పట్టీలు యాభై ఏళ్లవైతే వాటినీ మార్చండి, పట్టీలు మెలితిరగకుండా ఆపే ట్రాక్షన్ బార్లు వేయండి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి యూ-జాయింట్ క్రాసులు 1310 సైజు నుంచి 1330కో, 1350కో పెంచండి. షాఫ్ట్ పొడవు ముందే ఆర్డర్ చేయొద్దు. గేర్‌బాక్స్, యాక్సిల్ రెండూ బిగించి, బండి తన బరువు మీద నిలబడి ఉన్నప్పుడు కొలిచి అప్పుడే చెప్పండి. పినియన్ కోణం కూడా అంతే, జాకీ మీద వేలాడుతుండగా చూస్తే తప్పు వస్తుంది. గేర్‌బాక్స్ కొసకి సమాంతరంగా పెట్టి, పినియన్ ముక్కుని ఇంకో రెండు డిగ్రీలు కిందకి వంచండి, గ్యాస్ తొక్కినప్పుడు పట్టీలు మెలితిరిగి ముక్కు పైకి లేస్తుంది కాబట్టి.

షిమ్_డబ్బా గారికి ఒక మనవి, సీట్లు ముందే వెల్డ్ చేసిన హౌసింగ్ తీసుకుంటే ఆ కోణం ఇంక మార్చలేం కదా? చెక్క ముక్కల్లాంటి వెడ్జ్ షిమ్‌లు పెట్టడమే దిక్కు.

షిమ్_డబ్బా

నిజమే, గేర్‌బాక్స్ మారుతోంది కాబట్టి ఆ మాట నేను సరిదిద్దుకోవాలి. సీట్లు విడిగా ఇమ్మని అడగండి. బండి కింద పెట్టి, కోణం చూసుకుని, చుక్కల వెల్డింగ్ వేసి, మళ్లీ బయటికి తీసి పూర్తిగా వెల్డ్ చేయించండి, ఒకేసారి ఏకబిగిన కాకుండా అటు కొంచెం ఇటు కొంచెం.

పాత_ఇనుము

తమ్ముడూ, డ్రమ్ములు ప్రస్తుతానికి ఉంచుకోవచ్చు, ముందు డిస్కులు ఉన్నాయా లేవా అది చెప్పు. లేకపోతే వెనక ఖర్చు ఆపి ముందు అది చేయించు. స్పీడోమీటర్‌ని తిప్పేది గేర్‌బాక్స్, రేషియో మారితే తప్పు చూపిస్తుంది, కేబుల్ కొసనున్న చిన్న ప్లాస్టిక్ గేర్ పళ్లు లెక్క చూసి మార్చుకో.

కూపే_67

ముందు డిస్కులు పోయిన ఏడాదే వేయించాను అన్నా.

అయితే ఇలా చేస్తున్నాను. 59.25 వెడల్పులో కొత్త నైన్ ఇంచ్ హౌసింగ్, సీట్లు విడిగా, చిన్న బేరింగ్ కొసలు, డ్రమ్ములు పట్టడానికి. 31 స్ప్లైన్ల షాఫ్టులు, ట్రూట్రాక్, 3.50. గేర్ సెటప్ మాత్రం నేను పెట్టుకోవడం లేదు, ఫొటో పంపుతానన్నవాళ్లకే ఇస్తాను, ఇద్దరిని అడిగితే ఒకరు వెంటనే సరే అన్నారు. ఇంజన్ వచ్చే నెల వస్తుంది, గేర్‌బాక్స్ బిగించాకే షాఫ్ట్ కొలత. పాత 8 అంగుళాలది శనివారం దించుతున్నాం, మా అబ్బాయి నట్లు విప్పుతానన్నాడు, అడుగున రెండు వాడికోసం వదిలిపెట్టాను. విప్పగానే షాఫ్ట్ స్ప్లైన్లు ఎలా ఉన్నాయో ఫొటో పెడతాను.